ఏ పనికి ఏ టార్చి?

మన పత్రికలో వంటల గురించి, యాత్రల గురించి, పిల్లల చదువుల గురించి మన కుటుంబాల వాళ్లు తరచుగా రాస్తూనే ఉన్నారు. నేను ఈసారి టార్చిలైటు గురించి రాస్తున్నాను. ఇదీ ఒక విషయమేనా అనుకోకండి. ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది. కరెంటు పోయినప్పుడు వెతికితే మాత్రం దొరకదు. దొరికినా వెలగదు. వెలిగినా మనకు కావలసిన చోట కాకుండా ఎక్కడో ఎదురింటి గోడ మీద పడుతుంది.

మావారికి బిలాస్‌పూర్ బదిలీ అయి మూడేళ్లయింది. ఇది అచ్చంగా రైల్వే ఊరు. ఆగ్నేయ మధ్య రైల్వేకి 2003 నుంచి ప్రధాన కేంద్రం ఇక్కడే. అంతకు చాలా ముందు, బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి మన శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లు ఈ లైను మీద పనికి వచ్చి స్థిరపడ్డారు. కాలనీల్లో తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. రైల్వే ఒక్కటే కాదు, బొగ్గు గనుల సంస్థ ఎస్.ఇ.సి.ఎల్. ప్రధాన కార్యాలయం కూడా ఈ ఊళ్లోనే ఉంది. ఇంకొంచెం వెళితే అచానక్‌మార్ పులుల అభయారణ్యం. అంటే రైలు గార్డు, లైను మీద గస్తీ తిరిగే మనిషి, గని కార్మికుడు, అడవి కాపలాదారు, వీళ్లందరికీ చీకట్లో పని. అందరి దగ్గరా దీపం ఉంటుంది. కానీ ఒకరి దీపం ఇంకొకరికి పనికిరాదు.

టార్చి కొనేటప్పుడు మనం మరిచిపోయేది ఇదే. "ఎంత వెలుగు?" అని అడుగుతాం. "ఏ పనికి?" అని ముందు అడగాలి.

వెలుగు రెండు రకాలు

మా పక్కింట్లో ఒక విశ్రాంత గార్డు గారున్నారు. వాళ్ల తాతగారు టెక్కలి దగ్గర నుంచి వచ్చారట. నేను బాబాయిగారూ అని పిలుస్తాను. ఈ విషయం ఆయన ఒక్క మాటలో చెప్పారు. "అమ్మాయ్, దీపాలు రెండు రకాలు. మనం చూడ్డానికి ఒకటి, మనల్ని చూడ్డానికి ఒకటి."

గార్డును 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు. ఆయన చేతిలో ఉండేది మూడు రంగుల దీపం. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు. ఒకప్పుడు కిరోసిన్‌తో వెలిగేది, ఇప్పుడు ఎల్.ఇ.డి. టార్చి. రాత్రి రైలు కదిలాక గార్డు, డ్రైవరు ఒకరికొకరు ఆకుపచ్చ దీపం చూపుకుంటారు, అంతా సవ్యంగా ఉందని. ఒక్కో ఎల్.హెచ్.బి. పెట్టె పొడవు దాదాపు 24 మీటర్లు. 22 పెట్టెల బండి అయితే ఈ చివరి నుంచి ఆ చివరికి అర కిలోమీటరు పైనే. అంత దూరం నుంచి ఆ చిన్న దీపం కనిపిస్తుంది. అది ఇంజను మీద వెలుగు పరచదు, పరచాల్సిన అవసరమూ లేదు. డ్రైవరు కంటికి ఒక ఆకుపచ్చ చుక్కలా కనబడితే చాలు.

లైను మీద గస్తీ తిరిగే మనిషికి రెండు రకాలూ కావాలి. వానాకాలంలో గట్టు కొట్టుకుపోయిందేమో, చలికాలంలో పట్టా చీలిందేమో అడుగడుగునా చూసుకుంటూ నడవాలి. దానికి తెల్లటి వెలుగు. ప్రమాదం కనిపిస్తే వచ్చే బండిని ఆపాలి. దానికి ఎరుపు. అప్పుడు కూడా దీపం ఒక్కదాని మీదే ఆధారపడరు. బ్రాడ్‌గేజ్ లైను మీద ప్రమాదం ఉన్న చోటికి 600 మీటర్ల దూరంలో ఒక పటాకా, 1200 మీటర్ల దూరంలో పదేసి మీటర్ల ఎడంతో మూడు పటాకాలు పట్టా మీద అమర్చాలని రైల్వే నియమం. బండి చక్రం వాటి మీదకి ఎక్కగానే పేలి డ్రైవరును హెచ్చరిస్తాయి. దీపం కనిపించని మంచులో కూడా చప్పుడు వినిపిస్తుంది కదా.

మనకు రైలు ఆపే పని లేదు. కానీ రాత్రి రోడ్డు పక్కన నడిచేటప్పుడు లారీవాడికి మనం కనబడాలి. అది "మనల్ని చూడ్డానికి" దీపం. చిన్నదైనా సరిపోతుంది. మెట్ల మీద, పెరట్లో, పొలం గట్టు మీద కావలసింది "మనం చూడ్డానికి" దీపం. కొనే ముందు ఈ రెండింటిలో మనకు ఏది ఎక్కువ అవసరమో తేల్చుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

పెట్టె మీద అంకెలు

టార్చి పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండేది ల్యూమెన్లు. టార్చిలోంచి బయటికి వచ్చే మొత్తం వెలుగు అది. బకెట్లో ఎన్ని నీళ్లున్నాయి అన్నట్టు. రెండోది కాండెలా. ఆ వెలుగు ఒక దిక్కున ఎంత గట్టిగా పోతోందో చెబుతుంది. అవే నీళ్లు పూలజల్లుగా చల్లితే దగ్గర్లో వెడల్పుగా పడతాయి. పైపు మూతి నొక్కి పెడితే దూరం పోతాయి. టార్చిలో ఆ పని లోపలి అద్దపు గిన్నె, ముందున్న గాజు చేస్తాయి.

మూడోది దూరం. "200 మీటర్లు" అని రాసి ఉంటే, అక్కడున్న మనిషిని గుర్తుపట్టవచ్చని కాదు. తయారీదారులు పాటించే కొలత ప్రకారం, ఆ దూరంలో వెలుగు తగ్గి తగ్గి దాదాపు పున్నమి వెన్నెల అంత మిగులుతుందని అర్థం. హాయిగా చూడాలంటే అందులో సగం దూరమే లెక్క వేసుకోవాలి.

ఈ దూరానికి ఒక తేలిక లెక్క ఉంది. కాండెలా సంఖ్యకి వర్గమూలం కట్టి రెండుతో గుణిస్తే మీటర్లు వస్తాయి. 100 కాండెలా అయితే 20 మీటర్లు. 2,500 అయితే 100 మీటర్లు. 10,000 అయితే 200 మీటర్లు. గమనించండి, దూరం రెండింతలు కావాలంటే బలం నాలుగింతలు కావాలి. గార్డు దీపం కనిపించే ఆ అర కిలోమీటరు దూరాన్ని మనం వెలిగించి చూడాలంటే 62,500 కాండెలా కావాలి. అడుగు ముందు నేల చూసుకోవడానికి 100 చాలు. ఇంటి అవసరానికి దూరం అంకె వెంట పడనక్కరలేదని ఈ లెక్కే చెబుతోంది.

నాలుగోది గంటలు. పెట్టె మీద "10 గంటలు" అని ఉంటే పది గంటలూ ఒకే వెలుగు రాదు. మొదటి వెలుగులో పదో వంతుకు పడిపోయేదాకా పట్టే సమయాన్ని అలా రాస్తారు. కొన్ని టార్చిలు మొదటి పది నిమిషాలు మెరిసి ఆ తరువాత మినుకుమినుకుమంటూ గంటలు లాగుతాయి. "ఏ మోడ్‌లో ఎన్ని గంటలు?" అని పట్టిక వేసి ఉన్న పెట్టెనే నమ్మండి.

అబద్ధపు అంకెను పట్టుకోవడం ఎలా

బ్యాంకు ఇళ్లలో ఉండేవాళ్లం, కూడికలు మనకు కష్టం కాదు. రీచార్జి టార్చిల్లో ఎక్కువగా వాడేది 18650 అనే లిథియం సెల్లు. దాదాపు 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. దాని వోల్టేజి సుమారు 3.7. సామర్థ్యం 2600 ఎంఏహెచ్ అనుకుందాం. 2.6ను 3.7తో గుణిస్తే 9.6 వాట్ గంటలు. మంచి ఎల్.ఇ.డి. టార్చి ఒక్కో వాట్‌కు సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుంది. అంటే 100 ల్యూమెన్ల మీద తొమ్మిది గంటలకు పైగా, 300 మీద మూడు గంటలు, 1000 మీద గంట లోపే.

ఇప్పుడు అదే ఒక్క సెల్లు ఉన్న టార్చి మీద "10,000 ల్యూమెన్లు" అని రాసి ఉందనుకోండి. అంత వెలుగుకు 100 వాట్లు కావాలి. సెల్లు ఆరు నిమిషాల్లో ఖాళీ అవ్వాలి, చేతిలో పట్టుకోలేనంత వేడెక్కాలి. రెండూ జరగడం లేదంటే ఆ అంకె నిజం కాదు. అలాగే ఒక్క 18650 సెల్లు మీద "9900 ఎంఏహెచ్" అని ఉంటే వదిలేయండి. ఆ సైజులో మంచి సెల్లులు సుమారు 3500 దాకా ఇస్తాయి.

దుకాణంలో వెలిగించి చూసినా మోసపోవచ్చు. బుధవారీ బజారులో దుకాణదారు టార్చి చూపమనగానే పైకప్పు మీదకో, మన కళ్లలోకో కొడతాడు. ట్యూబులైట్ల కింద ఏ టార్చి అయినా ఒకేలా ఉంటుంది. కౌంటరు కింద చీకట్లోకి కొట్టమనండి. మధ్యలో కళ్లు చెదిరే చుక్క, చుట్టూ చీకటి ఉంటే అది దూరం చూసే టార్చి. మధ్య నుంచి అంచుల దాకా మెల్లగా పరుచుకుంటే అది ఇంటి టార్చి.

ఏ సెల్లు మేలు?

నెలకు నాలుగైదు సార్లు వాడేవారికి, రోజూ వాడేవారికి ఒకే సమాధానం లేదు.

రోజూ వాడితే రీచార్జి లిథియం మంచిది. యు.ఎస్.బి. తో చార్జి అయ్యేది తీసుకుంటే ఫోను చార్జరే సరిపోతుంది. ఉబ్బిన సెల్లును, కిందపడి నొక్కుకుపోయిన సెల్లును ఇక వాడకూడదు. రాత్రంతా మంచం మీద, పరుపు మీద పెట్టి చార్జి చేయకూడదు. విమానంలో వెళ్లేటప్పుడు విడి లిథియం సెల్లులు చెకిన్ సామానులో పెట్టనివ్వరు, చేతి సంచిలోనే ఉండాలి.

మన ఇళ్లలో కనిపించే బరువైన పాత రీచార్జి టార్చిల్లో ఉండేది లెడ్ యాసిడ్ బ్యాటరీ. స్కూటరు బ్యాటరీకి తమ్ముడు. దాన్ని ఖాళీగా వదిలేస్తే లోపల గట్టిపడి పాడవుతుంది. ఆరు నెలలు అలమరాలో పడేసి, తీరా అవసరానికి వెలగకపోతే "చైనా సరుకు" అని తిట్టుకుంటాం. వాడినా వాడకపోయినా నెలకోసారి చార్జి పెట్టాలి.

ఎప్పుడో ఒకసారి మాత్రమే వాడేవారికి మామూలు పెన్సిల్ సెల్లులతో నడిచేదే నమ్మకం. ఆల్కలైన్ సెల్లులు ఏళ్ల తరబడి నిలవ ఉంటాయి, ఏ పల్లెటూరి కిరాణా కొట్లో అయినా దొరుకుతాయి. వాటిని టార్చిలో ఉంచేసి మరిచిపోతే మాత్రం కారి, లోపలి స్ప్రింగును తినేస్తాయి. విడిగా కట్టి టార్చి పక్కనే పెట్టండి. కొత్తవీ పాతవీ కలిపి వేయకండి. అయిపోయిన సెల్లులను చెత్తబుట్టలో వేయకుండా సేకరణ కేంద్రానికి ఇవ్వండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెప్పేదీ అదే.

విశాఖలో ఉన్నవారికి 2014 అక్టోబరు 12 గుర్తుండే ఉంటుంది. హుద్‌హుద్ తుపాను దాటాక చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు రీచార్జి టార్చి రెండో రోజుకే చేతులెత్తేస్తుంది. కోస్తాలో ఉన్న కుటుంబాలు ఒకటి రీచార్జిది, ఒకటి పెన్సిల్ సెల్లులది ఉంచుకోవడం మేలు.

వాన, దెబ్బ, చేతులు

పెట్టె మీద ఐపీఎక్స్4 అని ఉంటే నాలుగు వైపుల నుంచి చిందే నీళ్లకు ఆగుతుంది. వానలో నడవడానికి చాలు. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట పడి ఉన్నా లోపలికి నీరు పోదు. వరద ప్రాంతాలకు అది. మధ్యలో ఎక్స్ బదులు అంకె ఉంటే అది దుమ్ముకు సంబంధించినది.

కరెంటు పోయినప్పుడు ఫ్యూజు చూడాలన్నా, స్కూటరు చక్రం విప్పాలన్నా రెండు చేతులూ కావాలి. గని కార్మికుడి దీపం టోపీకి ఎందుకుంటుందో అప్పుడు అర్థమవుతుంది. ఆయన ఎటు చూస్తే వెలుగు అటే. భూగర్భ గనుల్లో మండే వాయువు ఉండవచ్చు కాబట్టి అక్కడికి మామూలు టార్చి తీసుకెళ్లకూడదు. గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ఆమోదించిన దీపమే వాడాలి. ఇంట్లో గ్యాస్ వాసన వచ్చినప్పుడు కూడా ఈ జాగ్రత్త మనకు వర్తిస్తుంది. లైటు స్విచ్చి గానీ టార్చి స్విచ్చి గానీ ఆ గదిలో నొక్కకండి. ముందు తలుపులు తెరవండి. మామూలు పనులకు తలకు కట్టుకునే హెడ్‌లైటు ఒకటి ఉంటే ఇంట్లో చాలా పనికొస్తుంది.

అసలు అవసరం నేల మీద ఉంది

ఇంతవరకు చెప్పిందంతా సౌకర్యం గురించి. ఇప్పుడు ప్రాణం గురించి.

2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారు. ఏటా సగటున 58,000 మంది. అందులో సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. నాలుగో వంతుకు పైగా పదిహేనేళ్ల లోపు పిల్లలు. ఎక్కువ మరణాలు నమోదైన రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రాంతం కూడా ఉంది.

కట్లపాము రాత్రి తిరుగుతుంది. ఎలుకల కోసం, కప్పల కోసం ఇళ్లలోకీ వస్తుంది. దాని కాటుకు చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. రక్తపింజరి ఎండుటాకుల మధ్య కదలకుండా పడి ఉంటే ఆకులా ఉంటుంది. బిలాస్‌పూర్‌లో తొలి వానలు పడ్డాక మా వీధిలో ఎవరూ టార్చి లేకుండా గేటు దాటరు. అర్పా నది వైపు లోతట్టు ఇళ్లవాళ్లయితే బాత్రూముకు వెళ్లినా టార్చి పట్టుకునే వెళతారు.

ఈ పనికి కావలసింది దూరం పోయే టార్చి కాదు. వెడల్పుగా, సమంగా నేల మీద పరుచుకునే వెలుగు. 100 నుంచి 200 ల్యూమెన్లు పుష్కలం. మరీ నీలంగా ఉండే తెలుపులో గోధుమరంగులన్నీ ఒకేలా బూడిదగా కనిపిస్తాయి. కొంచెం పసుపు కలిసిన తెలుపు తీసుకుంటే ఆకు వేరుగా, పాము వేరుగా తెలుస్తుంది. టార్చిని కంటి దగ్గర కాకుండా నడుము దగ్గర పట్టుకుని రెండు మూడు అడుగుల ముందు నేల మీదకి కొట్టండి. పక్క నుంచి పడే వెలుగులో వస్తువులకు నీడలు వస్తాయి, ఎత్తుపల్లాలు కనిపిస్తాయి. వానలోనూ, మంచులోనూ వెలుగు తిరిగి కళ్లలోకి కొట్టదు.

ఫోను లైటు చాలదా అని మా అమ్మాయి అడిగింది. గదిలో పడిపోయిన చెవికమ్మ వెతకడానికి చాలు. కానీ పాము కరిచినప్పుడు 108కి ఫోను చేయవలసింది ఆ ఫోనుతోనే. దాని చార్జి దీపానికి ఖర్చు చేయకండి. కాటు పడితే కట్టు బిగించకుండా, కోయకుండా, ఆ అవయవాన్ని కదలనివ్వకుండా నేరుగా విషానికి విరుగుడు ఇచ్చే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రైలు పట్టాల పక్కన ఉంటే

రైల్వే లైనుకు దగ్గరలో ఉండే మన కుటుంబాలకు ఒక మాట. రాత్రి చేతిలో ఎర్రదీపం లేనప్పుడు తెల్లటి దీపాన్నే అటూ ఇటూ గట్టిగా ఊపితే బండి ఆపమని అర్థం. ఇది రైల్వే సంకేతాల్లో ఉన్నదే. కాబట్టి పిల్లలు మేడ మీద నుంచి వచ్చే రైలు వైపు టార్చి ఊపడం ఆట కాదు. డ్రైవరు కళ్లలోకి కొట్టడం అంతకంటే తప్పు. ఎర్రగా వెలిగే టార్చి పిల్లల చేతికి ఇవ్వకండి. ఈ సంగతి చెప్పినప్పుడు బాబాయిగారి గొంతు మారింది. "మాకు దీపమే మాట అమ్మాయ్. అబద్ధపు మాట ఆడకూడదు కదా."

మీ ఇంటికి ఏది?

పెద్దవాళ్ల మంచం పక్కకు: ఒకే మీట, పైకి తోస్తే వెలగాలి, కిందికి లాగితే ఆరాలి. అయిదు మోడ్‌లు, టపటపా మెరిసేవి వాళ్లకు వద్దు. తేలికగా ఉండాలి, మెల్లని వెలుగు చాలు.

పెరడు, వీధి, పొలం: వెడల్పు వెలుగు, 100 నుంచి 200 ల్యూమెన్లు, ఐపీఎక్స్4.

తోట, చెరువు గట్టు కాపలా: కొంచెం దూరం పోయేది, 5,000 కాండెలా పైన.

కరెంటు పోయినప్పుడు గదికి: టార్చిని నిలబెట్టి పైకప్పు మీదకి కొడితే గదంతా వెన్నెలలా పరుచుకుంటుంది. అడుగు చదునుగా ఉండి నిలబడేది చూసుకోండి.

స్కూటరు డిక్కీలో: చిన్నది, పెన్సిల్ సెల్లులది. ఎండలో కాగే డిక్కీలో లిథియం ఉంచకండి.

ఎంత మంచిదైనా దొరకకపోతే లేనట్టే. తలుపు పక్కన ఒక మేకు కొట్టి, ఎప్పుడూ అక్కడే తగిలించండి. పిడికి చీకట్లో మెరిసే రేడియం స్టిక్కరు ముక్క అంటించండి. నెల మొదటి తారీకున, మావారి జీతం పడే రోజున, నేను అన్ని టార్చిలూ ఒకసారి వెలిగించి చూసి చార్జి పెడతాను. మీరు కూడా ఒక తేదీ పెట్టుకోండి.

ఈ రాత్రి ఒక పని చేయండి. ఇంట్లో దీపాలన్నీ ఆర్పేసి, పిల్లల్నీ పెద్దవాళ్లనూ ఒక్కొక్కరినే టార్చి తెచ్చి వెలిగించమనండి. ఎవరు ఎక్కడ తడుముకున్నారో చూస్తే, కొత్తది కొనాలో, ఉన్నదాని చోటు మార్చాలో మీకే తెలిసిపోతుంది.